టూ బై త్రీ చాయ్, నూటికి రెండు వడ్డీ

జహీరాబాద్‌లో మేం కూర్చునే చాయ్ హోటల్ బోర్డు మీద లేని సరుకొకటి అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడవుతుంది. టూ బై త్రీ. రెండు చాయ్‌ల పైసలకు మూడు కప్పులన్నమాట. నలుగురం చేరిన రోజు త్రీ బై ఫోర్. కప్పు ఎవరికీ నిండదు, చెయ్యి మాత్రం ఎవరిదీ ఖాళీగా ఉండదు. మాలో ఒకాయన లెక్కల సారు. పిల్లలకు భిన్నాలు చెప్పాలంటే బడికంటే ఈ బల్లే మేలంటాడు.

మిగతా ముగ్గురిలో ఒకడికి బట్టల దుకాణం, ఇంకొకడికి ఊరవతల ఐదెకరాల చెలక, నాకు ఈ రాతలు. రాజకీయాలు అప్పుడప్పుడూ వస్తాయి, పోతాయి. రోజూ వచ్చేవి మాత్రం నాలుగే: ఎవరు ఎక్కడికి పోయొచ్చారు, ఏం తిన్నారు, ఇంట్లో కుక్కకో ఎద్దుకో ఏమైంది, పైసలు ఎక్కడ ఇరుక్కున్నాయి. ఒక ఆదివారం మా ముచ్చట్లలో దొర్లిన అంకెలన్నీ బిల్లు కాయితం వెనక రాద్దామని కూర్చున్నాను. ముప్పావు గంటకే కాయితం నిండింది. ఇంటికొచ్చి చూసుకుంటే వాటిలో కిలోమీటర్లు, గ్రాములు, శాతాలు చాలా తక్కువ. గంటలు, రొట్టెలు, తులాలు, ‘నూటికి రెండు’లే ఎక్కువ. ఈ కొలతలు నోటికి సుఖంగా ఉంటాయి. కానీ ఒక్కోదాని అడుగున ఒక్కో తిరకాసు ఉంది.

ముందు ఈ నాలుగు విషయాలే ఎందుకొస్తాయో చూద్దాం. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలు, పట్టణాల్లో 8,978. దేశం మొత్తం మీద పల్లె ఖర్చులో తిండి వాటా 47 శాతం. తిండి పక్కన పెడితే అన్నిటికంటే పెద్ద పద్దు రాకపోకలదే, పల్లెల్లో 7.6 శాతం, పట్టణాల్లో 8.5 శాతం. పైసలు ఎటు పోతే నోరూ అటే పోతుంది. ఆ సర్వేలో నన్ను ఎక్కువసేపు ఆపిన అంకె మరొకటి. చాయ్, మిర్చి బజ్జీ, బిస్కెట్, హోటల్ టిఫిన్ లాంటి వాటి మీద పల్లె ఇల్లు పెట్టేది 9.84 శాతం. బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నిటి మీద పెట్టేది దాదాపు 5 శాతం. మేం కూర్చున్న బల్ల ఖర్చు, ఇంట్లో ధాన్యపు కుండ ఖర్చుకు రెట్టింపన్నమాట. ఈ మాట చెబితే దుకాణం మిత్రుడు చేతిలో మిర్చిని ఓసారి చూసుకుని, నమిలేశాడు.

నలుగురమే ఎందుకు అన్నదానికీ ఓ లెక్క ఉంది. బ్రిటన్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1990లలో జనం గుంపులుగా మాట్లాడుకోవడాన్ని గమనించి, ఒక ముచ్చట నలుగురి దాకా ఒకటిగా నిలుస్తుందని, ఐదో మనిషి చేరితే తరచూ రెండుగా చీలుతుందని తేల్చారు. మా బల్ల దగ్గర ఇది అక్షరాలా నిజం. ఐదోవాడు వచ్చాడంటే అటు ఇద్దరు క్రికెట్, ఇటు ముగ్గురు పత్తి రేటు. 2009లో మరో బృందం పది భాషల్లో మాటకూ మాటకూ మధ్య ఉండే విరామాన్ని కొలిచింది. సగటు సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. ఆ పదిలో తెలుగు లేదు, అసలు ద్రావిడ భాషే లేదు. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం ఒకే వాక్యంలో కలిసిపోయే మా ఊరి బల్ల మీద గడియారం పెడితే విరామం సున్నాకు కింద వస్తుందని నా అనుమానం. ఎదుటివాడు ముగించే దాకా ఆగేవాడు మాలో ఎవడూ లేడు.

ఇక ప్రయాణం. జహీరాబాద్ మనిషిని హైదరాబాద్ ఎంత దూరమని అడగండి. ‘రెండున్నర గంటలు’ అంటాడు. కిలోమీటర్లు చెప్పడు. అరవై ఐదో నంబరు జాతీయ రహదారి మీద అది సుమారు 110 కిలోమీటర్లు. రెండున్నర గంటలంటే గంటకు 44 కిలోమీటర్ల లెక్క. అయితే ఈ సగటులో అబద్ధం ఉంది. సంగారెడ్డి దాకా బండి పరుగే పరుగు, పటాన్‌చెరు దాటాక నడకే నడక. అందుకే ‘ఇంకో పది కిలోమీటర్లే ఉంది’ అనే మాట సదాశివపేటలో ధైర్యం ఇస్తుంది, లింగంపల్లిలో గుండె జారుస్తుంది. గంటల్లో చెప్పేవాడు మోటుగా చెప్పినట్టు కనిపిస్తాడు గానీ, తెలివైనవాడు అతనే.

బీదర్ సంగతి వేరు. ముప్పై కిలోమీటర్ల దూరం, మధ్యలో రాష్ట్ర సరిహద్దు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. సరిహద్దు దాటే బస్సులో మాత్రం ఆ సున్నా తెలంగాణ పొలిమేర దాకానే. అటువైపు 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం ఉంది గానీ అది కర్ణాటక వాసులకు. జహీరాబాద్ నుంచి బీదర్‌లో కూతురింటికి పోయే తల్లి ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని సగం దారి అతిథి, సగం దారి ప్రయాణికురాలు.

ఈ సున్నా టికెట్ల మీద మా బల్ల దగ్గర రెండు వర్గాలు. ‘ఉత్తగనే ఊర్లు తిరుగుతున్నరు’ అనేది ఒక వర్గం. లెక్క చూద్దాం. 2025 జూలై నాటికి ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయని, వాటి విలువ సుమారు 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. భాగిస్తే ప్రయాణానికి 33 రూపాయలు. ముప్పై మూడు రూపాయలతో విహారయాత్రకు పోలేరు. ఆ డబ్బుకు పోగలిగేది మండల కేంద్రానికి, దవాఖానాకు, కాలేజీకి, సంతకు, మహా అయితే పక్క ఊరి పుట్టింటికి. సగటు అంకె చాలాసార్లు మోసం చేస్తుందన్నది నిజమే గానీ, ఇక్కడ పుకారును మోసింది మనం, సగటు కాదు.

బీదర్ ప్రయాణానికి మగవాళ్లు చెప్పే సాకు పెట్రోలు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, కర్ణాటకలో 2024 జూన్ పెంపు తర్వాత కూడా 29.84. కాబట్టి అటు చవక, అనుమానం లేదు. లీటరుకు నాలుగు రూపాయల తేడా అనుకుందాం. మోటార్‌సైకిల్‌లో ఐదు లీటర్లు పోయిస్తే మిగిలేది 20 రూపాయలు. పోను ముప్పై, రాను ముప్పై, అరవై కిలోమీటర్లకు లీటరు పైన పెట్రోలు కాలుతుంది, అంటే 120 రూపాయల పైచిలుకు. ఇరవై మిగుల్చుకోవడానికి వంద పోగొట్టుకునే ఈ యాత్రను మా దుకాణం మిత్రుడు నెలకోసారి చేస్తాడు. ‘నువ్వు ఆడి బిర్యానీ లెక్క ఎయ్యలే’ అన్నాడు. నిజమే, వేయలేదు.

తిండి దగ్గరికి వస్తే ఇక్కడి కొలత రొట్టె. ‘ఎన్ని రొట్టెలు తిన్నవ్?’ అనేదే ఆకలికీ ఆరోగ్యానికీ వయసుకూ ప్రమాణం. కిలో జొన్నపిండికి చేతివాటాన్ని బట్టి పదీ పన్నెండు రొట్టెలు. వేడినీళ్లతో పిండి కలిపి, పీట మీద అరచేత్తో చరుస్తూ గుండ్రంగా సాగదీసి, పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాస్తే, ఆ నీరు ఆరే చప్పుడుకు తిప్పే వేళ తెలుస్తుంది. గోధుమపిండికి ఉండే జిగురు జొన్నకు లేదు, అందుకే కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. ఈ పని నేర్చుకోవడానికి పట్టే ఏళ్లే జొన్నరొట్టెకు అసలు ఖరీదని నాకనిపిస్తుంది. కొత్త కోడళ్లు బియ్యం వైపు మొగ్గారంటే తప్పెవరిది?

‘జొన్నరొట్టె తింటే సన్నబడతరు’ అని లెక్కల సారు నమ్మకం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు తీసి చూపించాను. వంద గ్రాముల జొన్నలో 334 కేలరీలు, అంతే తెల్ల బియ్యంలో 356. తేడా ఆరు శాతమే. సన్నబడేంత తేడా అందులో లేదు. అసలు తేడా పీచులో ఉంది. జొన్నలో 10.2 గ్రాములు, బియ్యంలో 2.8. మాంసకృత్తులు కూడా జొన్నలో పది గ్రాములైతే బియ్యంలో ఎనిమిది లోపే. మూడు రొట్టెలు తిన్నవాడు నాలుగోది వద్దంటాడు, అన్నం తిన్నవాడు ఇంకో గరిటె వేయించుకుంటాడు. సన్నబడితే ఆ నాలుగో రొట్టె మానడం వల్లే.

మరి పళ్లెంలో జొన్న ఎందుకు తగ్గింది? సంచి తిరగేసి చూడండి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. నలుగురి ఇంటికి 24 కిలోలు. జొన్న మాత్రం కొనుక్కోవాలి. రైతు వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. 2025-26కు క్వింటాలు వరి మద్దతు ధర 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, మాల్దండి జొన్నకు 3,749. అంకె జొన్నదే పెద్దది. అయినా మా చెలక మిత్రుడు ఏమన్నాడంటే, ‘ధర కాయితం మీద ఉంటది, కాంటా ఊర్ల ఉండాలె.’ వడ్లకు కొనుగోలు కేంద్రం ఇంటి ముందుకొస్తుంది, సన్నాలకు పైన 500 బోనస్ కూడా ఉంది. జొన్నకు పిట్టలు ముందొస్తాయి, కొనేవాడు తర్వాతొస్తాడు.

ఈ వాదన మా ఊళ్లో కొత్తది కాదు. పక్కనే పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల 75 ఊళ్లలో, ఎక్కువగా దళిత ఆడవాళ్లతో సంఘాలు కట్టి, జొన్న, కొర్ర, సామ, కందులను కలిపి వేసే పాత సేద్యాన్ని నిలబెట్టింది. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాల బుట్టలు ఎడ్లబండ్ల మీద ఊరేగుతాయి. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకున్నది 2023లో. మా ఊరి ఆడవాళ్లు ఆ మాట అంతకు నలభై ఏళ్ల ముందే అందుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా చాయ్ బల్ల దగ్గర ఆడమనిషి లేదు. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసేవాళ్లను తీసుకుంటే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఆ రెండు వందల నిమిషాల తేడాలోనే మా టూ బై త్రీ ఉంది. అయితే ఆడవాళ్ల ముచ్చట మరో దారి వెతుక్కుంది. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్‌ఎంలో. మైకు పట్టేదీ, రికార్డు చేసేదీ సంఘం ఆడవాళ్లే. అందులో విత్తనం దాచే పద్ధతి, పశువుల జబ్బు, పెళ్లి పాట, ఊరి కష్టం అన్నీ ఇక్కడి యాసలోనే వినిపిస్తాయి. మా ముచ్చట బల్ల దాటదు. వాళ్లది ఊళ్లు దాటింది.

జంతువుల విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందులో మేం నలుగురం కలిసి చెప్పుకునే తప్పులే ఎక్కువ. మొదటిది, ‘కుక్కకు ఒక ఏడంటే మనిషికి ఏడేళ్లు.’ 2020లో లాబ్రడార్ కుక్కల డీఎన్ఏ మార్పుల మీద వచ్చిన అధ్యయనం చెప్పేది వేరు. ఏడాది కుక్క మనిషి లెక్కలో 31, నాలుగేళ్లది 53, పదేళ్లది 68. కుక్క మొదట పరుగెత్తి పెద్దదై, తర్వాత నిదానంగా ముసలిదవుతుంది. రెండోది, ‘కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు.’ ఆ పాత టీకాను దేశంలో 2004 చివరికే ఆపేశారు. ఇప్పుడు చేతికే ఇస్తారు, మొదటి సూది వేసిన రోజు నుంచి లెక్కపెట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో నాలుగు సార్లు పోతే చాలు. వాటికన్నా ముందు సబ్బుతో, పారే నీటి కింద, పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలు నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. దేశంలో రేబిస్‌తో ఏటా సుమారు 5,700 మంది పోతున్నారని ఇటీవలి అంచనా. పద్నాలుగు సూదుల భయంతో దవాఖానాకు పోనివాళ్లు వాళ్లలో ఎందరో.

మూడోది దుకాణం మిత్రుడి ఇంట్లోదే. పంజరంలో చిలక. ‘మా నాయన కాలం నుంచి చిలకను పెంచుతున్నం’ అని గర్వంగా చెబుతాడు. రామచిలకను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చని చెప్పాక ఆ ముచ్చట ఆగింది. చిలక ఇప్పుడు ఏమైందో మేం అడగలేదు, అతను చెప్పలేదు.

మిగిలింది డబ్బు. ముచ్చటంతా చివరికి చేరేది అక్కడికే. బంగారం ముందు. ‘అమ్మకు ఐదు తులాలు పెట్టిండ్రు’ అంటాడు లెక్కల సారు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పటి దుకాణం తులం పది గ్రాములు. ఆ కాలపు ఐదు తులాలు 58 గ్రాములు, ఈ కాలపు ఐదు తులాలు 50. మాట ఒక్కటే, మధ్యలో ఎనిమిది గ్రాములు మాయం. 2025 ఏప్రిల్‌లో మేలిమి బంగారం పది గ్రాములు లక్ష తాకాక, ఆ ఎనిమిది గ్రాములంటే చిన్న మాట కాదు.

వడ్డీ దగ్గర మన భాష చేసిన పని ఇంకా గొప్పది. వందకు నెలకు ఎంత అన్నదే మన కొలత. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం, అర్ధరూపాయి 6, రూపాయి 12, రెండు రూపాయలు 24, ఐదు రూపాయలు 60. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల రుణాలకు పెట్టిన పథకం పేరే ‘పావలా వడ్డీ’. ఊరి కొలత జీవోలోకి ఎక్కింది. చెవికి ఇంపుగా ఉండటమే ఈ కొలతతో చిక్కు. ‘రెండు రూపాయలేగా’ అంటాం. ‘ఇరవై నాలుగు శాతమేగా’ అని ఎవరూ అనరు. సమయానికి కట్టే రైతుకు మూడు లక్షల దాకా బ్యాంకు పంట రుణం ఏడాదికి 4 శాతానికి పడుతుంది. ఊరి భాషలో చెబితే నూటికి ముప్పై మూడు పైసలు. రెండు రూపాయలకు అది ఆరో వంతు.

ఇంతకంటే దాగుడుమూతలాడేది చిట్టీ. మా చెలక మిత్రుడు బోరు వేయించడానికి నాలుగో నెలలోనే చిట్టీ ఎత్తాడు. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష చిట్టీ. పాట పాతిక వేలకు పోయింది. చేతికి వచ్చింది 75,000. పాతికలో ఐదు వేలు చిట్టీ నడిపేవారి కమీషన్ (చట్టం ఒప్పుకున్న హద్దు 5 శాతంగా ఉండేది, 2019 సవరణ దాన్ని 7 చేసింది), మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికి తలా వెయ్యి. ‘మొత్తం చిట్టీ అయ్యేసరికి నేను కట్టేది 86,400. వచ్చింది 75,000. పోయేది పదకొండు వేల నాలుగు వందలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం కన్నా మేలు గదా’ అని అతని లెక్క.

బిల్లు వెనక మళ్లీ వేశాం. నాలుగు నెలలకు నాలుగేసి వేల చొప్పున అతను అప్పటికే కట్టింది 16,000. అంటే 75,000లో 16,000 అతని సొంత డబ్బే తిరిగొచ్చింది. నిజంగా అప్పుగా చేతికొచ్చింది 59,000. దానికి బదులు మిగతా 16 నెలలు సగటున 4,400 చొప్పున 70,400 కడతాడు. అప్పు నెలనెలా తరుగుతూ పోతుంది కాబట్టి 11,400 వడ్డీ పడింది మొత్తం 59,000 మీద పదహారు నెలలూ కాదు, తరిగే బాకీ మీద. ఆ లెక్కన చూస్తే నెలకు నూటికి రెండు రూపాయల పదిహేను పైసల చిల్లర. వద్దనుకున్న రెండు రూపాయల వడ్డీ పక్కింటి తలుపులోంచి వచ్చి కూర్చుంది.

ఇదే చిట్టీలో పాట పాడకుండా ఇరవయ్యో నెల దాకా ఆగింది మా లెక్కల సారు. ఆయనా సుమారు 86,400 కట్టి, కమీషన్ పోను 95,000 తీసుకుంటాడు. నెలనెలా వేసిన డబ్బు మీద లెక్కిస్తే రాబడి నూటికి రూపాయి వడ్డీ, ఏడాదికి 12 శాతం దగ్గర. ఒకే బల్ల, ఒకే చిట్టీ. అవసరం ఉన్నవాడు రెండు రూపాయలిస్తే, ఓపిక ఉన్నవాడు రూపాయి పుచ్చుకున్నాడు. తేడా చాలావరకు కమీషన్‌లోకి పోయింది. అలాగని చిట్టీ చెడ్డదని నేననను. బోరు వేయాల్సిన వారంలో కాయితాలడగకుండా 75,000 చేతిలో పెట్టేవాళ్లు ఇంకెవరున్నారు? ఆ వారానికి అది ధర. కాకపోతే ధర ఎంతో తెలిసి కొనడం వేరు. ఇంకో మాట. సర్కారు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా నడిపే చిట్టీకి 1982 చిట్‌ఫండ్స్ చట్టం నీడ లేదు. అలాంటి చిట్టీ మునిగితే ఈ రూపాయీ రెండు రూపాయల లెక్కంతా నీళ్లలో రాసినట్టే.

చెలక మిత్రుడు బిల్లు కాయితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బోరులో నీళ్లు పడ్డాయా అని అడిగితే, రెండించులు పడ్డాయన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ‘గీ లెక్క నాలుగో నెలల చెప్పకపోయినవ్?’ అన్నాడు. లెక్కల సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దుకాణం మిత్రుడు లోపలికి కేకేశాడు, ‘భాయ్, ఇంకో త్రీ బై ఫోర్. పైసలు సారు దగ్గర తీసుకో.’